బిగింపు బాబాయి బిగించిన నాలుగు బోల్టులు

ఆ భవనంలో అందరూ అతణ్ణి ఎదురుగా బాబాయి అంటారు, అటు తిరగ్గానే బిగింపు అంటారు. రెండూ కలిపి బిగింపు బాబాయి. ఈ సంగతి అతనికీ తెలుసు. తనకు పెట్టిన పేర్లలో ఇదే మర్యాదైనదని అతని నమ్మకం.

లిఫ్టులు బిగించడం, మొరాయించినవాటిని బాగుచెయ్యడం అతని పని. కుర్రతనంలో ఇనప తాళ్ళు మొయ్యడానికి చేరి, పెద్ద మేస్త్రీల వెనకాల నిలబడి చూసి చూసి నేర్చుకున్నాడు. అతని మేస్త్రీ మాటలు తక్కువ మనిషి. మొదటి రోజు ఒక్కటే చెప్పాడు: "బోల్టు లేని రంధ్రం కనబడితే, ఎవడో పైనుంచి పడబోతున్నాడని లెక్క." లిఫ్టు నడిచే ఆ చీకటి గోతిలో అది వేదవాక్కే. వచ్చిన చిక్కల్లా, అతను ఆ మాటను గోతిలోనే వదిలేసి రాకుండా ఇంటికి కూడా పట్టుకొచ్చాడు.

ఎవరింటికైనా వెళితే కూర్చునే ముందు కుర్చీని పట్టుకుని ఒకసారి ఊపుతాడు. కిర్రుమందా, జేబులోంచి స్క్రూడ్రైవర్ బయటికొస్తుంది. కుక్కర్ పిడి, కిటికీ గొళ్ళెం, మంచం కోడు, ఆఖరికి మాట్లాడుతున్నవాళ్ళ కళ్ళజోడు కాడ, దేన్నీ వదలడు. "బాబాయి వచ్చి వెళ్ళాక మా వంటింటి కుళాయి తిప్పడానికి మా ఆయన కావాల్సొస్తోంది" అని కింది అంతస్తావిడ వాపోయింది. అతను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

అతని భార్య కోట్లకు గుండీల కాజాలు కుడుతుంది. బజార్లో కోట్లు కుట్టే దుకాణంవాళ్ళు మిగతా పనంతా మిషను మీద చేసి, కాజాలకు మాత్రం ఆవిడకు పంపిస్తారు. ఆవిడ కుట్టిన కాజాను అటూ ఇటూ తిప్పి చూస్తే ఏది పైవైపో, ఏది లోవైపో చెప్పడం కష్టం. ఈ ఇంట్లో అసలైన పనివాళ్ళు ఎవరని అడిగితే బిగింపు బాబాయి తడుముకోకుండా భార్యవైపు చూపిస్తాడు. ఆవిడ ఎదురుగా లేనప్పుడు.

ఆ ఏడు ఆవిడ కుడిచేతి బొటనవేలూ, పక్క రెండు వేళ్ళూ పొద్దున లేచేసరికి మొద్దుబారడం మొదలుపెట్టాయి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుందన్నాడు డాక్టరు. గట్టి పట్టీ ఒకటి ఇచ్చి, నెల పోయాక రమ్మన్నాడు. "తడిబట్టలు పిండకూడదు. అప్పటికి తగ్గితే సరే, లేకపోతే చిన్న కోత పెట్టాలి" అన్నాడు.

"కోత పెట్టాక సూది పట్టు ఇదివరకట్లాగే ఉంటుందా?" అని ఆవిడ అడిగింది.

"చాలామందికి ఉంటుంది" అన్నాడు డాక్టరు.

ఆ "చాలామందికి" అన్న మాట మొగుడూ పెళ్ళాలిద్దరి వెంటా ఇంటికొచ్చింది. దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు. పట్టీ మాత్రం రోజూ అతనే కట్టేవాడు. మొదటిరోజు ఎంత శ్రద్ధగా బిగించాడంటే, టీ తాగేలోపల ఆవిడ గోళ్ళు నేరేడు రంగుకు తిరిగాయి.

"నరం నొక్కుకోవడం చాల్లేదా, మీరూ ఓ చెయ్యేశారు" అంది ఆవిడ, ఎడంచేత్తో పట్టీ వదులు చేసుకుంటూ.

సరిగ్గా ఆ నెల మధ్యలో బట్టలుతికే మెషీను ఆగిపోయింది. నీళ్ళు పట్టుకుంటోంది, లోపల మోటారు హుమ్మంటోంది, డ్రమ్ము మాత్రం కదలదు. వేసిన బట్టలు వేసినట్టే, మురికి మురికిగానే. ఆవిడ బాత్రూము గుమ్మంలో నిలబడి, మెషీనువైపు ఒకసారి, మూలనున్న బకెట్టువైపు ఒకసారి చూసింది. ఆ రెండో చూపు బాబాయికి నచ్చలేదు. మాసిన బట్టలు ఇంట్లో ఉండగా ఊరుకునే మనిషి కాదావిడ.

"కంపెనీవాణ్ణి పిలుద్దామండీ" అంది.

"కంపెనీవాడొచ్చి చూసేదేంటి? మనుషుల్ని మోసే యంత్రాలు చూసుకునేవాణ్ణి నేను. ఇది మోసేది బట్టల్నేగా."

"బట్టలు లోపల ఇరుక్కుంటే అరవవు కదా, అదీ మీ ధైర్యం."

ఆదివారం పొద్దున్నే పనిముట్ల పెట్టె బాత్రూములోకి వచ్చింది. దాని వెనకే బావమరిది కూడా వచ్చాడు. బావమరిది బడి పిల్లల వ్యాను నడుపుతాడు. సెలవురోజు వస్తే ఫోనులో మరమ్మతుల వీడియోలు చూడటం అతని వ్యసనం. ఇప్పటివరకు స్క్రూడ్రైవర్ పట్టిన పాపాన పోలేదు గానీ, మెషీన్ల జబ్బులన్నీ అతనికి నోటికొచ్చు.

"బావా, ముందు ప్లగ్గు పీకావా?"

"పీకాను."

"నీళ్ళ పంపు కట్టేశావా?"

"కట్టేశాను."

"వీడియోలో మొదట చెప్పేవి ఆ రెండే."

"అయితే దాన్ని అక్కడితో ఆపెయ్."

లోపలున్న నీళ్ళు పళ్ళేల్లోకి వంపి పారబోశాక, బాబాయి మెషీను వెనక రేకు విప్పాడు. విప్పగానే రోగం కళ్ళెదుట పడింది. డ్రమ్ముకున్న పెద్ద చక్రం మీద ఉండాల్సిన బెల్టు జారి అడుగున పడి ఉంది. ఎందుకు జారిందో కూడా అతనికి అర్థమైంది. కిందటి వారం తన జిడ్డోడే పని దుస్తులన్నీ, పైన ఒక రగ్గూ, మోకాలితో తొక్కి మరీ లోపల కుక్కింది ఎవరో కాదు. ఆ ముక్క బయటికి అనలేదు. బెల్టు తుడిచి, పగుళ్ళేమైనా ఉన్నాయేమో వేలితో తడిమి చూశాడు. బాగానే ఉంది. చిన్న చక్రానికి ముందు తగిలించి, పెద్ద చక్రాన్ని మెల్లగా చేత్తో తిప్పుతూ అంచు మీదికి ఎక్కించాడు. సైకిల్ చెయిన్ ఎక్కించడం వచ్చినవాళ్ళెవరికైనా వచ్చే పనే. డ్రమ్ము తిరిగింది.

ఇక్కడితో చేతులు కడుక్కుని ఉంటే ఈ కథ లేదు. అతను తర్వాత్తర్వాత నలుగురిలో చెప్పుకునేవాడు కూడా: "మెషీను పాడైంది ఒక్కసారే, దాన్ని పొద్దున్నే బాగుచేశాను. ఆ తర్వాతదంతా నేనే."

రేకు మూసేసి, మెషీను వీపు గుడ్డతో తుడుస్తుంటే అతని చెయ్యి ఒకచోట ఆగింది. రేకుకు పైనా కిందా నాలుగు రంధ్రాలు. నాలుగింటికీ బోల్టుల్లేవు. ప్లాస్టిక్ మూతలు పెట్టి ఉన్నాయి.

"చూశావా?" అన్నాడు బావమరిదితో, గొంతు తగ్గించి.

"ఏంటి బావా?"

"బోల్టులుండాల్సిన చోట బిరడాలు పెట్టారు. ఇనుము మిగుల్చుకున్నారు. బెల్టు ఊరికే జారిందా మరి?"

"అదే అనుకున్నా" అన్నాడు బావమరిది. అతనేమీ అనుకోలేదు.

పనిముట్ల అలమరలో పాత బోల్టుల డబ్బా ఉంది. బాబాయి బోల్టనేదాన్ని పారెయ్యడు. ఏది ఎక్కడిదో గుర్తుంచుకోడు కూడా. డబ్బా అడుగున ప్లాస్టిక్ సంచిలో నాలుగు పొడుగాటి బోల్టులు, రబ్బరు తొడుగులతో సహా కనిపించాయి. తెచ్చి పెట్టి చూస్తే ఆ రంధ్రాల కోసమే పుట్టినట్టు సరిపోయాయి. ఆ మాటకొస్తే అవి పుట్టింది ఆ రంధ్రాల కోసమే. పుట్టినవాటిని అక్కడినుంచి ఎందుకు తీశారన్న ప్రశ్న మాత్రం అతని బుర్రకు తట్టలేదు. దేవుడు తన డబ్బాలో ముందే సిద్ధం చేసి ఉంచాడనుకుని, పొడుగు పానాతో నాలుగూ బిగించాడు. ఆఖరి చుట్టుకు ఊపిరి బిగబట్టి మరీ బిగించాడు.

మెషీను గోడవారకు నెట్టి, లోపల దుప్పట్లు వేశారు. ఉతకడం బ్రహ్మాండంగా ఉతికింది. భార్య వంటింట్లోంచి చూసి, "పోన్లెండి, ఇంటి పని కూడా వచ్చన్నమాట" అంది. బావమరిది టీ కోసం బయటికెళ్ళాడు. బాబాయి తలుపు దగ్గరగా వేసుకుని, తిరగేసిన బకెట్టు మీద కూర్చుని తన పనితనం వింటున్నాడు.

అప్పుడు మెషీను నీళ్ళు వదిలేసి, పిండటం మొదలుపెట్టింది.

మొదట సన్నగా వణికింది. తర్వాత గిన్నెల బండి గతుకుల్లో పడ్డట్టు చప్పుడు. తర్వాత గోడను వదిలి అతనివైపు నడిచొచ్చింది. అతను రెండు చేతులూ అడ్డం పెట్టి ఆపబోయాడు. ఆ ఊపుకు అతని పళ్ళు టకటకలాడాయి. నీళ్ళు పోయే గొట్టం ఊడి నురగంతా నేల మీదికొచ్చింది. ఎలాగో పాక్కుంటూ వెళ్ళి ప్లగ్గు పీకేసరికి మెషీను తలుపు దాకా చేరి, తలుపుకూ పక్కగోడకూ మధ్య బిర్రుగా ఇరుక్కుని ఆగింది. తలుపు తెరుచుకునేది లోపలికి. బాబాయి ఉన్నది లోపల.

"ఏమైందండీ?" అంది భార్య బయటినుంచి.

"ఏం కాలేదు."

"తలుపు తియ్యండి."

"తీస్తా. కాస్త ఆగు."

కాస్తా కాస్తా చాలాసేపైంది. సబ్బునీళ్ళలో కాళ్ళు నిలవడం లేదు. నెట్టబోతే మెషీను కదలదు, తనే వెనక్కి జారుతున్నాడు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళను బయటికి తీస్తున్న మనిషి. తలుపు సందులోంచి వాళ్ళకు ధైర్యం చెప్పే మాటలు అతనికి కంఠతా వచ్చు. ఆ మాటలు అతని భార్యకు కూడా వచ్చు.

"కంగారు పడకండి" అంది ఆవిడ తలుపుకు దగ్గరగా వచ్చి, అచ్చం అతని గొంతుతో. "గాలి ఆడుతూనే ఉంటుంది. గోడకు ఆనుకుని నిలబడండి. మా మనిషి బయల్దేరాడు."

ఆ మనిషి టీ పట్టుకుని వచ్చి, బయటినుంచి తలుపు తోశాడు. లోపల బాబాయి గోడకు వీపు ఆనించి, రెండు కాళ్ళతో మెషీనును తన్నిపెట్టి తలుపు వారనుంచి పక్కకు నెట్టాడు. బావమరిది దూరేంత సందు ఏర్పడింది. దూరగానే జారి నురగలో కూలబడ్డాడు.

"షాక్ అబ్జార్బర్లు బావా" అన్నాడు కూర్చున్నచోటునుంచే. "వీడియోలో సరిగ్గా ఇలాగే నడిచింది."

కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటారు. ఆ వారమంతా బాబాయి ఉన్న నాలికను వెతుక్కున్నాడు. సాయంత్రం పనినుంచి రాగానే మెషీను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. రసమట్టం పెట్టి నేల చదునుగా ఉందో లేదో చూశాడు. కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టాడు. బెల్టు విప్పి మళ్ళీ ఎక్కించాడు. బావమరిది రోజుకో కొత్త జబ్బు పేరుతో వచ్చేవాడు. ప్రతి ప్రయోగం తర్వాతా మెషీను ఉతికినంతసేపు ఉతికి, పిండే వేళకు నడకకు బయల్దేరేది. ఇలా విప్పి బిగించిన ప్రతిసారీ అతను చివర్న తప్పకుండా చేసిన పని ఒకటుంది. ఆ నాలుగు పొడుగు బోల్టులూ వదులయ్యాయేమోనని ఇంకో చుట్టు బిగించడం.

ఈలోగా బట్టలు పేరుకున్నాయి. భార్య బకెట్టు దగ్గరికి వెళ్ళకుండా బాబాయే ఉతకడానికి పూనుకున్నాడు. ఉతకడం వచ్చింది గానీ పిండటంలో పాత జబ్బు పైకొచ్చింది. తువ్వాలు మోకు అయ్యేదాకా మెలిపెట్టేవాడు. ఒక చొక్కా భుజం దగ్గర చిరిగింది. ఇంకోదాని గుండీలు రెండు ఎగిరి గోడకు తగిలాయి.

"నా చెయ్యి బాగుపడేలోపు ఇంట్లో కుట్టడానికి పని తయారు చేస్తున్నారా?" అంది ఆవిడ.

అతను నవ్వాడు. ఆవిడ పూర్తిగా నవ్వలేదు. డాక్టరు రమ్మన్న రోజు దగ్గరపడుతోంది.

ఆ తర్వాతి సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి తీగె మీద రెండు దిండు గలీబులు ఆరుతున్నాయి. శుభ్రంగా, ముడతల్లేకుండా. అతను పిండినవి అలా ఉండవు. భార్య కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పట్టీ విప్పి పక్కన పెట్టింది. ఒళ్ళో ఒక పాత గుడ్డముక్క, దాని మీద సగం కుట్టిన కాజా. సూది పట్టుకోబోతే వేళ్ళ మధ్యనుంచి జారింది. వెతికి తీసుకుని మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది. ఆవిడ అతణ్ణి చూడలేదు. మూడోసారి సూదిని ఎడంచేత్తో తీసి, గుడ్డకు గుచ్చేసి, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

బాబాయి చెప్పులు కూడా విప్పలేదు. బాత్రూములోకి వెళ్ళి మెషీనుకు ఎదురుగా నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ తను బాగుచేస్తున్నది దీన్ని కాదు, తన పేరును. ఆ ముక్క ఎవరూ చెప్పకుండానే అతనికి తెలిసింది. మెషీను మీద అంటించిన కాగితంలో కంపెనీ ఫోను నంబరు చూసి కలిపాడు. అప్పుడే వచ్చిన బావమరిది పక్కన నిలబడ్డాడు.

అవతల ఒక అమ్మాయి ఓపిగ్గా అడగడం మొదలుపెట్టింది. నీళ్ళు వస్తున్నాయా, పోతున్నాయా, నేల చదునుగా ఉందా. బాబాయి అన్నిటికీ పనివాడు చెప్పినట్టు ముక్తసరిగా జవాబు చెప్పాడు.

"మెషీను వెనక నాలుగు పొడుగు బోల్టులుంటాయి సార్. అవి తీసేశారా?"

ఈ ప్రశ్నకు బాబాయి ఛాతీ ఒక అంగుళం పెరిగింది. "తియ్యడమేంటమ్మా. అసలు లేకపోతే వెతికి మరీ బిగించాను. చాలా గట్టిగా ఉన్నాయి."

అమ్మాయి ఆ మాటే మళ్ళీ అడిగింది.

"బిగించారా సార్?"

ఆ అడగడంలో ఏదో ఉంది. "అంటే... నేను కాదు" అన్నాడు బాబాయి. "మా బావమరిది."

బావమరిది ఫోనులోంచి తలెత్తాడు. "నేనా బావా?"

బాబాయి అతణ్ణి చేత్తో వారించి, తేలు కుట్టిన దొంగలా గోడవైపు తిరిగాడు.

"వారికి చెప్పండి సార్" అంది అమ్మాయి జాలిగా. "లోపల డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. లారీలో తెచ్చేటప్పుడు ఊగి దెబ్బతినకుండా ఆ బోల్టులు పెడతారు. ఇంటికొచ్చాక తీసెయ్యాలి. అవి ఉంటే డ్రమ్ము ఊగలేదు, మొత్తం మెషీనే ఊగుతుంది."

ఆ అమ్మాయి రెండో వాక్యంలో ఉండగానే అతనికి అంతా తెలిసిపోయింది. లిఫ్టుకు తాళ్ళు మార్చేటప్పుడు అది కదలకుండా కింద దిమ్మలు పెడతారు. పనయ్యాక మొదట తీసేది ఆ దిమ్మలే. దిమ్మలు తియ్యకుండా లిఫ్టు నడిపినవాడు తన కింద పనిచేస్తుంటే, వాణ్ణి ఆ పూటే ఇంటికి పంపేసేవాడు. వేలాడేవాటితో బతుకంతా గడిపినవాడు, వేలాడేదాన్ని పట్టుకుని గోడకు మేకులేసి కొట్టినట్టు బిగించాడు. పైగా రోజూ సాయంత్రం ఆ మేకులు ఊడలేదు కదా అని చూసుకున్నాడు.

ఫోను పెట్టేసి పానా తీసుకున్నాడు. తను బిగించినవి తనకే లొంగలేదు. బావమరిది పానా చివర పట్టుకుని వేలాడితే గానీ మొదటిది కదలలేదు.

"బిగించింది నేను కదా, అందుకే ఇంత గట్టిగా ఉన్నాయి" అన్నాడు బావమరిది వేలాడుతూనే.

"తప్పయిందిరా. ఇంక ఆపు."

"ఆ ముక్క ఫోనులో ఆ అమ్మాయికి చెప్పు."

నాలుగూ ఊడాయి. ప్లాస్టిక్ మూతలు మళ్ళీ రంధ్రాల్లోకి వెళ్ళాయి. అతను డ్రమ్ము అంచు మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. మెత్తగా కిందికి దిగి, చెయ్యి తియ్యగానే పైకి లేచింది. మాసిన బట్టలు సగానికే వేసి తిప్పారు. పిండే వేళకు ముగ్గురూ గుమ్మంలో నిలబడ్డారు. మెషీను ఈలలాంటి చప్పుడుతో, ఉన్నచోటునుంచి కదలకుండా తన పని చేసుకుపోయింది.

"మరి ఏంటటండీ జబ్బు?" అంది భార్య.

"బోల్టులు" అన్నాడు బాబాయి.

"లేవా?"

"ఉండటమే జబ్బు."

ఆవిడ తమ్ముడివైపు చూసింది. తమ్ముడు చెప్పడం మొదలుపెట్టాడు. బాబాయి చెయ్యి అడ్డం పెట్టి, ఫోనులో తను ఎవరి మీదికి నెట్టాడో ఆ ముక్కతో సహా అంతా తనే చెప్పాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుంది. పట్టుకున్నది ఎడంచేత్తోనని అతను గమనించాడు.

ఆ రోజునుంచి డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా ఆ ఇంట్లో ఆవిడను తడిగుడ్డ ముట్టనివ్వలేదు. మెషీనులో వెయ్యడం, తియ్యడం, ఆరెయ్యడం అన్నీ బాబాయే. పట్టీ కూడా ఆవిడ చెప్పినంతకే కట్టేవాడు.

డాక్టరు మణికట్టు నొక్కి, వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూశాడు. "తడిబట్టలేమైనా పిండారా?" అన్నాడు.

"రెండు దిండు గలీబులు."

"ఆ రెండింటి పాపం నాదేనండీ" అన్నాడు బాబాయి. డాక్టరుకు అర్థం కాలేదు.

తర్వాత డాక్టరు బల్ల మీద ఒక గుండుసూది పెట్టి, తియ్యమన్నాడు. నున్నటి గాజు బల్ల. ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చింది. సూది కొంచెం దొర్లింది. బాబాయి చెయ్యి తనకు తెలీకుండానే ముందుకెళ్ళింది, వెనక్కి లాక్కున్నాడు. ఆవిడ రెండోసారి వేళ్ళు ఆనించి సూదిని పైకెత్తి, డాక్టరు అరచేతిలో పెట్టింది.

"కోత అక్కర్లేదు" అన్నాడు డాక్టరు. "ఇంకో నెల పట్టీ ఉంచండి. సూది పని మెల్లమెల్లగా మొదలుపెట్టుకోవచ్చు. పిండటం మాత్రం ఎప్పటికీ వద్దు."

మర్నాడు పొద్దున ఆవిడ ఒక కోటు తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఒక్క కాజా కుడతాను, అంతే, అంది. బాబాయి బాత్రూములో మెషీను నడిపిస్తున్నాడు. పిండేటప్పుడు వెనకవైపునుంచి ఎక్కడో సన్నగా టిక్కు టిక్కుమని వినిపించింది. అతను తల వంచాడు. చెయ్యి జేబు దాకా వెళ్ళింది.

"అక్కడేం చేస్తున్నారు?" అంది ఆవిడ, కుట్టులోంచి తల ఎత్తకుండా.

"ఏం లేదు. వింటున్నా."

"విన్నారుగా. వచ్చెయ్యండి."

అతను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఇంకాసేపు విన్నాడు. తర్వాత వచ్చి, ఆవిడ సూదికి వెలుతురు అడ్డం రాకుండా పక్కకు జరిగి కూర్చున్నాడు.